కోరుట్ల పేలు, సిరిసిల్ల పేలు

మా బిడ్డ నెత్తిలో పేలు సిరిసిల్లవని మా అత్తమ్మ అంటుంది. కోరుట్లవని మా అమ్మ అంటుంది. పేను వీపు మీద ఊరి పేరు రాసి ఉండదు కాబట్టి ఈ తగువు ఎంతకూ తెగలేదు. ఇద్దరి మధ్య గోక్కున్నది మాత్రం నాలుగో తరగతి చదివే మా బిడ్డ.

నా పుట్టిల్లు సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. పెళ్లయి కోరుట్ల వచ్చాను. ముందుగదిలో మిషన్ పెట్టుకొని జాకెట్లు కుడతాను. మా అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు బీడీలు చుట్టేది. ఇప్పుడు మానేసింది గానీ ఆ వేళ్లు ఊరుకోవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గడప ముందు మెట్టు మీద కూర్చుని వాడకట్టు పిల్లల తలలన్నీ ఒళ్లో పెట్టుకొని పేలు చూస్తుంది. దొరికినదాన్ని ఎడమ బొటనవేలి గోరు మీద పెట్టి, కుడి గోటితో నొక్కి, టిక్కుమని వినబడ్డాకే ఇంకోదాన్ని వెతుకుతుంది.

ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు మా వాడకట్టులో లేరు. తెల్లగా కనబడ్డదల్లా ఈరు కాదని, దులిపితే రాలేది చుండ్రని, గోటితో పట్టి గుంజితే గానీ రానిదే ఈరని ఆమే నాకు నేర్పింది. చెవుల వెనక, మెడ మీద ముందు చూడాలని కూడా ఆమే చెప్పింది. అట్లాంటి మనిషితో "మీ ఇంట్లో పేలున్నాయి" అనడం అంటే పూజారిని పట్టుకొని నీకు మంత్రాలొచ్చా అని అడగడమే.

సెలవులకు మా బిడ్డ సిరిసిల్ల పోతుంది. పోయే ముందు రోజు మా అత్తమ్మ దాని తలంతా గాలించి, దువ్వి, తలంటి పోస్తుంది. "పేన్ల నెత్తితోని పంపుతె మన ఇజ్జత్ ఏం గావాలె?" అంటుంది. అక్కడినుంచి పంపే ముందు మా అమ్మా అదే పని చేస్తుంది. "మీ అత్తమ్మ నన్నేమనుకుంటది బిడ్డా?" అని ఆమె బాధ. ఇంకో ఇంటికి పంపేటప్పుడు పిల్ల తల కడిగిన ముత్యంలా ఉండాలి. తమ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఎట్లా ఉన్నా ఫర్వాలేదు. పోయినచోట వారం తిరిగేసరికి మా బిడ్డ మళ్లీ గోక్కునేది. ఇక ఎవరి సాక్ష్యం వాళ్లది.

మందులు కూడా రెండూళ్లవీ పడ్డాయి. మా అత్తమ్మ ఎప్పటిదో సీసాలో దాచిన గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, తీసింది. నేను గుంజుకొని బయట పారబోశాను. పొయ్యి దగ్గర తిరిగే పిల్లకు కిరోసిన్ పూస్తారా ఎవరైనా? మా అమ్మ సీతాఫలం గింజలు నూరి పట్టించింది. అది కళ్లలోకి దిగి పిల్ల కళ్లు మిరపపండ్లయ్యాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఫోన్లో మా అమ్మను అనరాని మాటలన్నీ అన్నాను. తెల్లారి సిరిసిల్ల పోయి పిల్లను తీసుకొని, అటునుంచి అటే జగిత్యాల తోలుకపోయి చర్మం డాక్టరమ్మకు చూపించాను.

ఆమె చూసి పేలేనంది. దానికి జగిత్యాల దాకా పోనక్కరలేదని నాకూ తెలుసు. కళ్లకు చుక్కలు, తలకు లోషన్ రాసి, చీటీ మీద ఉన్నట్టే వాడమంది. వారం తర్వాత మళ్లీ పూయాలట, ఎందుకంటే ఈర్లలో మిగిలినవి అప్పటికి పొదుగుతాయట. తడి జుట్టును పేల దువ్వెనతో పాయపాయగా దువ్వాలంది. "పేను ఎగరదు, దుంకదు. తలకు తల ఆనితే పాకుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా?" అని అడిగింది.

"నాయనమ్మ సుత గోక్కుంటది," అంది మా బిడ్డ. "అమ్మమ్మ సుత."

"ఐతే అందరూ చూపించుకోండి. ఉన్నవాళ్లంతా ఒకే రోజు పూసుకోవాలి," అంది డాక్టరమ్మ. ఆమెకేం, చెప్పి ఊరుకుంది. ఇంటికొచ్చి అత్తకు చెప్పాల్సింది నేను.

నేను పూసుకున్నాను, పిల్లకు పూశాను. మా ఆయన తల మీద పేను పట్టుకొని నిలబడడానికి ఒక్క వెంట్రుక కూడా లేదు. అత్తమ్మ ముందు సీసా పెడితే కాలితో పక్కకు జరిపింది.

"ఊరందరి పేన్లు సూసెటిదాన్ని. నా నెత్తిల ఉంటే నాకు తెల్వదా?"

మా అమ్మకు ఫోన్ చేశాను. "మా ఇంట్ల పేన్లా? పేనుకు పెత్తనమిస్తే నెత్తంత గొరికిందట. మీ అత్తమ్మకు పెత్తనమిచ్చి నన్నంటున్నవా?" అని పెట్టేసింది.

మందు పని చేసింది. మళ్లీ అంటుకోవడం కూడా తన పని తాను చేసింది. ఒకరోజు మా బిడ్డ బడినుంచి వచ్చి సంచి కూడా దించకుండా నిలబడింది. "నా పక్కన ఎవ్వలు కూసుంటలేరు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. మా అత్తమ్మ గబుక్కున లేచి, తూర్పుకు తిరిగి, రెండు చేతులూ జోడించింది. "రాజన్నా, దీని ఎంటికలు నీకే ఇస్త. గీ పీడ ఒడగొట్టు" అని మొక్కేసింది. అంతే, పైసోమవారం వేములవాడ రాజన్న గుడిలో మా బిడ్డకు గుండు.

దానికి నడుము దాకా జడ. ఈ బతుకమ్మకు సవరం లేకుండా సొంత జడకు పూలు పెట్టుకుంటానని ఎన్ని రోజులనుంచో చెబుతోంది. అది మొక్కు సంగతి విన్న తెల్లారి నాకు జాకెట్ కత్తిరించడానికి కత్తెర దొరకలేదు. చిన్న కత్తెరా లేదు. మా ఆయన గడ్డం గీసుకునే సామాన్లూ లేవు. అన్నీ బియ్యం డ్రమ్ములో అడుగున దొరికాయి. గుడి దగ్గర కత్తులు వేరే ఉంటాయని దానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"వద్దత్తమ్మా, పిల్ల బెంగటిల్లింది," అన్నాను.

"దేవునికి జెప్పినంక ఎనుకకు తీసుకుంటరానే?"

మా ఆయన మొక్కు కదా అన్నాడు. పక్కింటామె ఎంటికలే కదా, పెరుగుతాయి అంది. తీసేది ఆమె నెత్తి మీదివి కావు కాబట్టి ఆమెకు అట్లాగే ఉంటుంది.

సోమవారం చందుర్తి మీదుగా బస్సులో పోయాం. దారి పొడుగునా మా బిడ్డ జడను ముందుకు వేసుకొని రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. సిరిసిల్లనుంచి మా అమ్మ వచ్చింది. తలనీలాలు తీసే కల్యాణకట్ట దగ్గర వరుస పెద్దగా ఉంది. వియ్యపురాళ్లిద్దరూ గోడకు ఆనుకొని కూర్చుని వదినా అంటే వదినా అని మంచిచెడ్డలు మాట్లాడుకుంటున్నారు. ఒకరు కుడిచేత్తో గోక్కుంటే ఒకరు ఎడమచేత్తో గోక్కుంటున్నారు.

మా బిడ్డ నాయనమ్మ పక్కకు పోయి నిలబడింది. పొద్దస్తమానం చూస్తున్న పనే కదా, చేతులు వాటంతటవే పోయాయేమో, ముడి పక్కన వెంట్రుకలు పాయ తీసింది.

"నాయనమ్మా, నీ నెత్తిల పేనున్నది. ఈర్లు సుత ఉన్నయ్."

మా అమ్మ కిసుక్కున నవ్వింది. మా బిడ్డ ఇటు తిరిగి ఆమె తలా చూసింది. "అమ్మమ్మా, నీకు సుత," అంది. నవ్వు ఆగిపోయింది. వరుసలో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఇక మా అత్తమ్మ దాని చెంప పగలగొడుతుందనుకొని నేను ముందుకు పోయాను. ఆమె గోరు చాపింది. మా బిడ్డ పేనును దాని మీద పెట్టింది. మా అత్తమ్మ దాన్ని వెలుగుకు పట్టి చూసింది. "అబ్బా, గింత లావున్నదా," అంది.

"ఎవరితోనన్న సూపించుకోవద్దా అత్తమ్మా?" అన్నాను, మెల్లగానే.

"నా నెత్తి సూసెటోళ్లు ఎవలున్నరే? మా అవ్వ సచ్చినంక నా నెత్తిల ఎవలు చెయ్యి వెట్టిన్రు?"

కోపంగా అనలేదు. ఎండ బాగుంది అన్నట్టు అంది. వాడకట్టు తలలన్నీ ఆ ఒళ్లోకి వచ్చి పోయాయి. ఆ తల ఎవరి ఒళ్లోకీ పోలేదు.

ఇంతలో మంగలాయన పిలిచాడు. మా బిడ్డ జడ పట్టుకొని నా వెనక్కి వచ్చింది. మా అత్తమ్మ మోకాలి మీద చెయ్యి వేసి లేచి, పిల్లను దాటుకొని పోయి, తనే పీట మీద కూర్చుంది. ముడి విప్పింది. జుట్టు నేలకానింది.

"వదినా, ఇదేంది?" అంది మా అమ్మ.

"ఉత్తచేతులతోని పోతమా? పిల్లకు పండుగున్నది. నాకేమున్నది?"

గుండు మీదినుంచి నీళ్లు కారుతుండగానే లేచి వచ్చి, మా బిడ్డ ముందు నిలబడి "ఎట్లున్న?" అని అడిగింది. "మంచిగున్నవ్," అంది మా బిడ్డ. అబద్ధమే, కానీ బాగా చెప్పింది.

మా అమ్మ ఆ సాయంత్రమే కిక్కురుమనకుండా లోషన్ పూసుకుంది. అదే రోజు ఇక్కడ నేనూ పిల్లా పూసుకున్నాం, వారానికి అందరం మళ్లీ పూసుకున్నాం. దువ్వెనలు, దిండు గలీబులు వేడినీళ్లలో వేశాను. పేలు పోయాయి. దాంతో వియ్యపురాళ్లిద్దరికీ ఫోన్లో మాట్లాడుకోవడానికి ఏమీ లేక, వానల గురించి మాట్లాడుకుంటున్నారు. బతుకమ్మకు మా బిడ్డ జడ నిండా బంతిపూలు పెట్టుకుంది.

ఇప్పుడు కూడా మధ్యాహ్నం వాడకట్టు పిల్లలు మెట్ల దగ్గరికి వస్తారు. వాళ్లంతా పోయాక మా అత్తమ్మ కింది మెట్టు మీదికి దిగి, మా బిడ్డకు వీపు పెట్టి కూర్చుంటుంది. తల మీద ఇంకా గింజంత జుట్టే.

"ఏం లేవు నాయనమ్మా," అంటుంది మా బిడ్డ.

"మంచిగ సూడు బిడ్డా. చెవుల ఎనుక సూడు."

అప్పటికే ఆమె కళ్లు మూతలు పడుతుంటాయి. అక్కడ ఏమీ లేదని తెలిసీ మా బిడ్డ వెతుకుతూనే ఉంటుంది. నేను మిషన్ ఆపేస్తాను, చప్పుడుకు అత్తమ్మ లేస్తుందని.