గ్లాయ్‌బిగెన్ గుమ్మానికి పిడికెడు బియ్యం

ఆదివారం పొద్దున్న ఏడుంబావుకి మెట్రోపార్క్‌లో లాంకాస్టర్ రైలెక్కాం, నేనూ మా పన్నెండేళ్ళ కీర్తనా. నా ఒళ్ళో మూడు కిలోల బియ్యం సంచి. గుంటూరులో మా ఇంట్లో వండిన ప్రతిసారీ ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి కానుక డబ్బాలో వేసేవాళ్ళం. ఆదివారం చర్చిలో బలిపీఠం ముందు పోసేవాళ్ళం. పిస్కాటవే వచ్చినా డబ్బా మానలేదు గానీ, పదకొండేళ్ళలో ఒక్కసారీ చర్చికి పట్టుకెళ్ళే ధైర్యం చెయ్యలేదు. లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలో ఇచ్చి వచ్చేసేదాన్ని. మా ముత్తాతల కాలంలో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ దొరలు ఈ లాంకాస్టర్ ఉన్న పెన్సిల్వేనియా వాళ్ళే. వాళ్ళ ఊరికి వట్టి చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు.

"అమ్మా, చర్చిలో కానుక ప్లేట్‌లో రైస్ పెడితే అందరూ వియర్డ్‌గా చూస్తారు. ప్లీజ్, వద్దు," అంది కీర్తన.

"చూడనీ," అన్నాను. సంచి మూతి ఇంకోసారి బిగించి కట్టాను.

ఫిలడెల్ఫియాలో రైలు వెనక్కి తిరిగి నడుస్తుంది, వెళ్ళేవాళ్ళు కంగారు పడకండి. అది దాటాక పులిహోర తిన్నాం. పదింటికి దిగి ఊబర్‌లో ఇరవై నిమిషాలు వెళ్తే పాత రాతి చర్చి. గుమ్మం మీద ఏదో జర్మన్ మాట. తలుపు దగ్గర నిలబడ్డ వాల్టర్ అనే పెద్దాయన చదివి చెప్పాడు.

"గ్లాయ్‌బిగెన్. నమ్మినవాళ్ళకి అని."

క్రైస్తవులకేనా అని అడిగాను.

"కాదమ్మా, ఏ మతం వాళ్ళయినా, దేవుణ్ణి నమ్మితే జర్మన్‌లో ఆ మాటే. మా నానమ్మ మాత్రం చర్చిలో పేరు రాయించుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళకి ఆ మాట వాడేది కాదు."

మేం విశ్వాసులంటామని చెప్పాను. గుంటూరులో పాస్టరుగారు "విశ్వాసులారా" అనగానే చాపల మీద అందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం.

కానుక పళ్ళెం పట్టుకుని వాల్టరే మా వరుసకి వచ్చాడు. అందులో అన్నీ కవర్లే. సంచి పైకి తీశాను. ఆయన ఆగిపోయి, "ఏమిటిది?" అన్నాడు మెల్లగా. అందరూ ఇటే చూస్తున్నారు. అప్పుడు కీర్తన లేచి నిలబడి, పిడికిలి బిగించి చూపించింది. మా అమ్మ వండిన ప్రతిసారీ ముందు ఇంత దేవుడికి తీస్తుంది, అని ఇంగ్లిష్‌లో అందరికీ వినపడేలా చెప్పింది.

వాల్టర్ పళ్ళెం పక్కాయనకిచ్చి, సంచిని రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి బలిపీఠం మీద ప్రభు భోజనం రొట్టె పక్కన పెట్టాడు. నా గర్వం దాచుకోను. కళ్ళనిండా నీళ్ళతో, మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

ప్రార్థన అయ్యాక బియ్యం చర్చి వంటగదిలో పోయించి, ఖాళీ సంచి తిరిగిస్తూ అన్నాడాయన, "మా నానమ్మ ఉంటే మీ ఇద్దరికీ ఆ మాట వాడేది."

రెండున్నర రైలుకి తిరుగు ప్రయాణం. ఎన్నో ఊళ్ళు చూశాను గానీ, ఇంత తలెత్తుకుని ఏ ఊరినుంచీ రాలేదు. కీర్తన సంచి మడిచి తన ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, రేపు రైస్ నేను తీస్తా. నా హ్యాండ్ స్మాల్ కదా, టూ టైమ్స్ తీస్తా."