లిఫ్టు బావ కాళ్లు

లిఫ్టు లోపల నిలబడే మనబోటివాళ్లకు కళ్లు చాలు. ఏ అంతస్తు వచ్చిందో అంకె చూసుకుని దిగిపోతాం. ఆ పెట్టె నెత్తి మీద, చీకటి గొట్టంలో నిలబడి పనిచేసేవాడికి మాత్రం కాళ్లు కావాలి. పెట్టెను అటూ ఇటూ పోనివ్వకుండా నిలువునా నడిపించే ఇనుప పట్టాలు రెండుంటాయి. వాటి అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా అది పైకప్పు రేకులోంచి అరికాలికి అందుతుంది. అలా అందుకోవడంలో, లిఫ్టులు బాగుచేసే మా పైవాటా అతన్ని మించినవాడిని నేను చూడలేదు. పల్చటి అడుగున్న బూట్లు ఏరికోరి కొనుక్కునేవాడు.

అతనితో కలిసి పనిచేసేది అతని బావమరిదే. రోజంతా గొట్టంలోంచి "బావా, ఆపు", "బావా, కిందికి" అన్న కేకలు వినీ వినీ, కాపలావాడి దగ్గర్నుంచి కంపెనీ మేనేజరు దాకా అందరూ అతన్ని బావ అనే పిలిచేవారు. అతనికి తండ్రి వయసున్న నేను కూడా అలాగే పిలిచాను.

ఒకప్పుడు బావకు కోపం ముక్కు మీద కూడా కాదు, ముక్కు కొసన ఉండేది. వాళ్ల నేల మా కప్పు. కుర్చీ పడిన చప్పుడు, కంచం గోడకు తగిలిన చప్పుడు, ఆ తరవాత భార్య గొంతు తగ్గించి చెప్పే రెండు మాటలు, ఇవన్నీ నా పుస్తకం మీదికే వచ్చి పడేవి. రక్తపోటు పెరిగి కళ్లు తిరిగిన రోజున ఆమె పట్టుబట్టి అతన్ని టైర్ల దుకాణం పైన జరిగే యోగా తరగతికి తీసుకొచ్చింది. మోకాళ్ల కోసం నేను అప్పటికే అక్కడ చేరి ఉన్నాను.

టీచరుగారు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట మాత్రం మెత్తన. "ఆసనాలు తరవాత నేర్చుకుందురుగాని. ముందు ఒక్క పూట ఎవరినీ నొప్పించకుండా గడిపి రండి" అన్నారు. బావ దాన్ని పనివాడిలాగే అర్థం చేసుకున్నాడు. ఏ మరమ్మతైనా కింది నుంచి మొదలుపెట్టాలి కదా, అహింసను కంచంలోంచి మొదలుపెట్టాడు. మొదట మాంసం మానాడు, ఆ తరవాత గుడ్లు. దూడ నోటి దగ్గరిది మనకెందుకని చివరికి పాలు, పెరుగు కూడా మానేశాడు. చిక్కుళ్లు, పప్పులు, పల్లీలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు. నోటికి సరిపడా కాకుండా ఆకలికి సరిపడా తినడం నేర్చుకున్నాడు. వండింది భార్య, రాత్రే గింజలు నానబోసింది మాత్రం అతను. రక్తపోటు దిగింది, నిద్ర పట్టింది. మా కప్పు చప్పుడు మానేసింది.

"మా అక్క కాపురాన్ని బీన్సు నిలబెట్టాయండీ" అనేవాడు బావమరిది. "నేను మాత్రం కోడిని వదలను. నాకింకా పెళ్లి కాలేదు, కోపం కావాలి."

మూడేళ్లు దాటాక బావ అరికాళ్లలో చీమలు పాకడం మొదలైంది. ఎక్కువసేపు పద్మాసనంలో కూర్చుంటున్నానుగా, అందుకే తిమ్మిరి అనుకున్నాడు. కొన్నాళ్లకు చీమలు పోయాయి, వాటితోపాటు నేల కూడా పోయింది. కాళ్లకు చెప్పులున్నాయో లేవో కిందికి చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. భయపడవలసిన సమయం అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరుగారు ప్రత్యాహారం గురించి చెప్పడం మొదలుపెట్టారు. చప్పుళ్ల వెంట, రుచుల వెంట, స్పర్శల వెంట పరుగులు తీసే ఇంద్రియాలను లోపలికి పిలుచుకోవడమే అది అన్నారు. తరగతి అయ్యాక మెట్ల మీద బావ నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"నాకు వచ్చేస్తోంది బాబాయిగారూ."

"ఏమిటయ్యా?"

"కాళ్లు లోపలికి వెళ్లిపోతున్నాయి. ఉన్నాయో లేవో కూడా తెలీట్లేదు. టీచరుగారు చెప్పిందదే కదా?"

"నా మోకాళ్లు ఉన్నాయని మాత్రం తరగతంతటికీ వినపడుతోంది" అన్నాను. ఇద్దరం నవ్వుకుంటూ దిగాం. అతను గోడ పట్టుకుని దిగాడు.

ఆ తరవాత జరిగింది బావమరిది చెప్పగా విన్నది. మా వీధి చివర పొడుగాటి మేడ ఒకటుంది. మూడో అంతస్తు దగ్గర లిఫ్టు కుదుపుతోందని అక్కడివాళ్లు ఫిర్యాదు చేశారు. బావ ఒకసారి పెట్టె పైకప్పెక్కి చూసి, "పట్టాలు వెన్నలా ఉన్నాయి. మీ నడుములు చూపించుకోండి" అని దిగొచ్చాడు. ఫిర్యాదు మళ్లీ వచ్చింది. ఈసారి ఇద్దరూ పైకప్పెక్కారు. బావ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో మీట పట్టుకున్నాడు. మీట నొక్కి ఉంచినంతసేపే పెట్టె కదులుతుంది. బావమరిది టార్చి పట్టుకుని పట్టాలకు నూనె రాస్తున్నాడు. పెట్టె నెమ్మదిగా పైకి పోతోంది. టార్చి వెలుగు అనుకోకుండా కిందికి వాలింది. బావ కుడికాలు పైకప్పు అంచు దాటి, గోడకూ పెట్టెకూ మధ్య సందులోకి సగం వేలాడుతోంది. గోడకు బిగించిన ఇనుప బద్ద పైనుంచి దగ్గరికొస్తోంది.

"బావా, కాలు!"

"ఏ కాలురా?"

"కుడికాలు బయటుంది! తియ్యి!"

"లోపలే ఉంది. నువ్వు నూనె చూసుకో."

అతను మీట వదల్లేదు. వాదించడానికి వ్యవధి లేదు. బావమరిది టార్చి పారేసి ఎర్ర బొత్తాం మీద గుద్దాడు. పెట్టె ఉలిక్కిపడినట్టు ఆగింది. బద్ద బూటు మీదికి ఆనింది, నలగడం ఒక్కటే తక్కువ. బావ వంగి రెండు చేతులతో తన కాలిని పట్టుకుని, ఎవరి సామానో ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

"అక్కతో అన్నావంటే నీ మొహం చూడను" అన్నాడు. కిందికి దిగి, లిఫ్టు బాగానే ఉందని మళ్లీ చెప్పేశాడు.

చూడకపోతే పోనీ అనుకుని బావమరిది ఆ సాయంత్రమే అక్కకు చెప్పాడు. ఆమె మెట్లు దిగి మా తలుపు కొట్టింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఈమధ్య మొహం కడుక్కునేటప్పుడు చూస్తున్నాను బాబాయిగారూ. సబ్బుకి కళ్లు మూసుకోగానే తూలిపోతున్నారు. ఒక చెయ్యి గోడకి ఆనించి ఒక్క చేత్తోనే కడుక్కుంటున్నారు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకపోయావా అమ్మా?"

"రానంటున్నారు. మాంసం తినమంటాడు, పాలు తాగమంటాడు, ఆ మాట వినడానికి నేనెందుకు రావాలి అంటున్నారు." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "నిజం చెప్పనా? నాకూ తీసుకెళ్లాలని లేదు. తిండి మారిస్తే ఆ పాత మనిషి తిరిగొస్తాడేమోనని నా గుండె పీచుపీచుమంటోంది. మార్చకపోతే ఏదో ఒకరోజు ఆ గొట్టంలోంచి మోసుకొస్తారు. దీంట్లో దేనికి ఎక్కువ భయపడాలో మీరే చెప్పండి."

యోగా గురించిన పుస్తకాలు నేను చాలానే చదివాను. వాటిలో అహింసకు ఎన్నో అర్థాలున్నాయి. ఆమె అడిగినదానికి పనికొచ్చేది ఒక్కటీ తట్టలేదు. టీచరుగారికి చెబుదాం అని మాత్రం అన్నాను.

మర్నాడు తరగతి అయ్యాక టీచరుగారు బావను ఆగమన్నారు. నేనూ, అతని భార్యా, బావమరిదీ గోడవారగా నిలబడ్డాం. కింద దుకాణంలో టైరుకు గాలి కొడుతున్న చప్పుడు.

"కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడండి బావగారూ. అంతే, ఆసనమేమీ లేదు. ఇప్పుడు కళ్లు మూసుకోండి."

మూసుకున్నాడు. రెండు ఊపిరుల తరవాత, కొట్టేసిన చెట్టులా పక్కకు ఒరిగాడు. టీచరుగారు సిద్ధంగానే ఉండి భుజం పట్టుకున్నారు.

"ఇది ప్రత్యాహారం కాదండీ" అన్నారు. "ప్రత్యాహారం అంటే తలుపు మనం వేసుకోవడం. వేసిన చేత్తోనే తియ్యగలగాలి. మీ కాళ్లని ఇప్పుడు పిలవండి, వస్తాయేమో చూద్దాం."

బావ కిందికి చూశాడు. నుదుటి నరం ఉబ్బింది. అతను నిజంగానే పిలుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. వేళ్లు కదిలాయి గాని, కదిలిన సంగతి అతనికి కళ్లే చెప్పాయి. ఒక్కసారిగా తలెత్తాడు.

"మీరంతా నా తిండి మీద పడ్డారు! వీడు చాడీలు మోశాడు, ఇది ఊరంతా చాటింది, ఈ ముసలాయన వంత పాడాడు! నన్ను మళ్లీ ముక్క ముట్టించాలని అందరూ కలిసి..." అంటూ ఆసనాలకు వాడే చెక్క దిమ్మె దగ్గరుంటే దాన్ని తన్నాడు. దిమ్మె ఎగిరి గోడకు తగిలింది. బొటనవేలి గోరు చిట్లి రక్తం వచ్చింది. అదీ అతనికి తెలియలేదు.

అతని భార్య రెండడుగులు వెనక్కి వేసి గోడకు అతుక్కుపోయింది. ఒక చెయ్యి దానంతటదే మొహానికి అడ్డంగా లేచింది.

ఆ చేతిని బావ చూశాడు. అందరికన్నా ముందు అతనే చూశాడనుకుంటాను. ఇన్నేళ్ల తిండి, ఇన్నేళ్ల ఊపిరి, అన్నీ ఉండగానే ఆ పాత మనిషి గదిలో నిలబడి ఉన్నాడు. అతన్ని కట్టేసింది కంచం కాదు, కట్టేసుకున్నది తనే. ఆ రోజు పట్టు వదిలిందీ తనే. ఇది నేను తరవాత కూర్చుని ఆలోచించుకున్నది. అప్పుడు మాత్రం అతను నేల మీద కూలబడి, "చెయ్యి దించు. దించవే, దణ్ణం పెడతాను" అన్నాడు. కాసేపటికి, "ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికి వస్తాను" అన్నాడు.

అటునుంచి అటే నలుగురం వైద్యశాలకు వెళ్లాం. బావమరిది "బావా, ఇక్కడ కూర్చో, బావా, నీళ్లు తాగు" అంటూంటే విన్న నర్సు, మా వంతు రాగానే "బావగారు రండి" అని పిలిచింది. ఎవరికీ నవ్వు రాలేదు.

డాక్టరు చిన్న వయసమ్మాయి. రెండు కొమ్ముల ఇనుప కడ్డీని బల్లకు కొట్టి, మోగుతున్నదాన్ని అతని చీలమండ ఎముకకు ఆనించింది.

"వణుకు తెలుస్తోందా?"

"పెట్టారా?" అన్నాడు బావ.

దాని మోత నాకు వినపడుతూనే ఉంది. మోకాలికి ఆనించింది. అతను కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. "ఏదో ఉంది... దూరంగా." పట్టా అతుకులో వెంట్రుకవాసి తేడాను పట్టుకున్న మనిషి అతను. భార్య కిటికీ వైపు తిరిగింది.

ఏం తింటారని అడిగింది డాక్టరు. అతను చెప్పాడు, ఏం వినాల్సొస్తుందో తెలిసినవాడిలా తల వంచుకుని. ఆమె మాంసం మాట ఎత్తలేదు.

"తిండి మంచిదే. ఒక్కటే లోటు, బి పన్నెండు. ఆకుల్లో లేదు, పప్పుల్లో లేదు. అది సూక్ష్మజీవులు తయారుచేసే విటమిను. పాలు కూడా మానేసినవాళ్లు మాత్ర వేసుకునే తీరాలి. మీకెవరూ చెప్పలేదా? ఒంట్లో ఉన్న నిల్వతో ఏళ్లు గడిచిపోతాయి, అందుకే తెలీదు. ఆకుకూరలు తింటారు కాబట్టి రక్తం పైకి బాగానే కనిపిస్తుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. పరీక్షకి రక్తమిచ్చి, ఇవాళే సూది వేయించుకోండి."

"అయితే... తిండి మార్చక్కర్లేదా?"

"అక్కర్లేదు. సూది మాత్రం మానకూడదు. గొట్టంలోకి దిగకూడదు, పైకప్పెక్కకూడదు."

"కాళ్లు తిరిగొస్తాయా?"

"కొంత వస్తాయి. ఎంత అన్నది నేను చెప్పలేను."

ఆమె చెప్పినట్టే జరిగింది. తరవాతి నెలల్లో ఎడమ అరికాలు మంటలు రేపుకుంటూ వచ్చింది, కుడికాలు సగమే వచ్చింది. ఆ రోజున మాత్రం మాకివేవీ తెలియవు. సూది వేయించుకుని బయట బెంచీ మీద కూర్చున్నాం.

"కోడిని వదిలేశాను బాబాయిగారూ, మేకను వదిలేశాను" అన్నాడు బావ. "నా కాళ్లను నేనే తింటున్నానని తెలుసుకోలేకపోయాను."

అని, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

"ఒరే, ఆ లిఫ్టు! ఇప్పుడు తిరుగుతూ ఉంటుంది!"

ఆటో ఎక్కి ఆ మేడకు చేరేసరికి లిఫ్టు పైన ఎక్కడో ఉంది. అంకెలు ఒక్కొక్కటే దిగుతుంటే బావ తలుపు మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. నాలుగు. మూడు. లోపల ఎక్కడో టక్కుమంది. మాకందరికీ వినపడింది. పెట్టె కిందికొచ్చి తెరుచుకుంటే, ఖాళీ కూరగాయల సంచితో ఒక పెద్దావిడ దిగింది. బావమరిది వెంటనే తాళంచెవి తిప్పి ఆపేశాడు.

చుట్టూ జనం పోగయ్యారు. ఆపేశారేమిటి, నిన్న బాగానే ఉందన్నారుగా అని గోల. "మా నడుములు చూపించుకోమన్నావు కదయ్యా" అంది ఆ పెద్దావిడ. "చూపించుకున్నాం. నిక్షేపంలా ఉన్నాయిట."

"నేను అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు బావ. "నాకు అరికాళ్లు తెలీట్లేదు. అది దాచిపెట్టి, పట్టాలు బాగున్నాయని చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"కాళ్లకీ లిఫ్టుకీ ఏం సంబంధమయ్యా? బుర్రకి చూపించుకో!" అన్నారెవరో వెనకనుంచి. బావ తిరిగి చూశాడు. పిడికిలి బిగిసింది. అతని భార్య ఈసారి కదల్లేదు, అతని పక్కనే నిలబడింది. పిడికిలి దానంతట అది విడిపోలేదు, అతను విప్పుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

పైకప్పెక్కింది బావమరిది ఒక్కడే. బావ కింద గోడకు చెయ్యి ఆనించి, గొట్టంలోకి చెవి పెట్టాడు. పెట్టె కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"బావా, అతుకు బోల్టు వదులుగా ఉంది! బిగించేశాను."

"తొందరపడకు. మళ్లీ కిందికి రా, మళ్లీ పైకెళ్లు. మెల్లగా."

పెట్టె దిగింది, ఎక్కింది. మెట్లెక్కలేని పెద్దావిడ సంచి కింద పెట్టి, గోడకు చేరగిలబడి చూస్తోంది.

"ఇప్పుడు బాగానే ఉన్నట్టుంది బావా. ఉందంటావా? జనాన్ని ఎక్కించొచ్చా?"

బావ ఒకసారి తన బూట్ల వైపు చూసుకుని, గొట్టంలోకి తల పెట్టి గట్టిగా అరిచాడు.

"నన్నెందుకురా అడుగుతావు? నీ కాళ్లనడుగు!"