కంకిపాడు గేదె, కూచిపూడి పులి

1997 వేసవిలో బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా చేరాను. భక్తిగీతాల క్యాసెట్లు, నృత్యనాటకాల ట్రాకులు అక్కడ తయారయ్యేవి. నేను చేరిన కొత్తలోనే యజమాని ప్రసాద్ గారు మద్రాసు నుంచి శాంప్లర్ తెప్పించారు. ఏ శబ్దాన్నయినా రికార్డు చేసి ఇస్తే దాన్ని కీబోర్డు మెట్ల మీద పరిచే యంత్రమది. కింది మెట్టు నొక్కితే అదే శబ్దం బొంగురుగా, నిదానంగా వస్తుంది. పై మెట్టు నొక్కితే సన్నగా, వేగంగా. దాన్ని నడపడం నాకు రాదు, ఊళ్లో నేర్పేవాళ్లూ లేరు. ఇంగ్లీషు మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి పని కూచిపూడి నుంచి వచ్చింది. నాట్యాచార్యులు శాస్త్రి గారి కొత్త నృత్యనాటకంలో ఒక అడవి ఘట్టం ఉంది. పులి కనిపించదు, గర్జన ఒక్కటే వినిపించాలి. అది విని నాయిక భయపడాలి. యంత్రంతో పాటు వచ్చిన డిస్కులో సింహగర్జన ఉంటే వేసి వినిపించాను.

“ఇది ఇంగ్లీషు సినిమా మొదట్లో అరిచే సింహమండీ. మా నాయిక భయపడేలోపే జనం నవ్వేస్తారు,” అన్నారాయన.

ప్రదర్శనకు వారమే ఉంది. ఇక్కడ కుదరకపోతే హైదరాబాదులో చేయించుకుంటానని మర్యాదగానే చెప్పి వెళ్లారు. ప్రసాద్ గారు నా వైపొకసారి, కొత్త శాంప్లర్ వైపొకసారి చూశారు.

శ్రుతి కిందికి దించితే గర్జనలా మారగల పెద్ద గొంతు దేనిదా అని ఆలోచిస్తే గేదె తట్టింది. మర్నాడు మైకు, రికార్డరు పట్టుకుని కంకిపాడులో ప్రసాద్ గారి పిన్ని శేషమ్మ గారింటికి వెళ్లాను. హెడ్‌ఫోన్లు తగిలించుకుని గేదె ముందు నిలబడ్డాను. అది తీరిగ్గా నెమరేస్తూ నన్ను చూసింది.

“ఏం రజియమ్మా, మైకు పెడితే పాటకచేరీ చేస్తదనుకున్నావా?” అని శేషమ్మ గారు నవ్వి, దూడను కాసేపు గోడ అవతల కట్టేసి వచ్చారు. ఇక గేదె అందుకున్న అరుపులకు రికార్డరు మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. శబ్దం పగలకుండా స్థాయి తగ్గించుకుంటూ తీశాను. దూడను విప్పాక తల్లీబిడ్డలు సర్దుకున్నాయి.

స్టూడియోలో కింది మెట్టు నొక్కితే జలుబు చేసిన గేదె వినిపించింది. ఇంకా కిందికి వెళ్తే ఇంకా పెద్ద గేదె. ప్రసాద్ గారు నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయారు. ఏం చేసినా గేదెతనం ఎందుకు పోవడం లేదో తేల్చుకుందామని అరుపును ముక్కలుగా కోసి విన్నాను. నోరు తెరిచే ముందు వచ్చే ‘మ్’ దగ్గరే గుట్టంతా ఉంది. దాన్ని కత్తిరించేశాను. మిగిలింది ఏ జంతువుదో చెప్పలేని ఘోష. దాని ముందు నా గొంతుతోనే చేసిన గురగుర అతికించి, చివర మెల్లగా అణిగేలా సరిచేశాను.

శాస్త్రి గారు కళ్లు మూసుకుని విన్నారు. “ఏ అడవిలో పట్టారమ్మా దీన్ని?”

“కంకిపాడులోనండీ. అది గేదె.”

కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన ఇంకోసారి వేయించుకుని విన్నారు. “మా నాయికతో మాత్రం అనకండి. భయపడటం మానేస్తుంది,” అన్నారు.

ప్రదర్శనలో గర్జన రాగానే ముందు వరుసలో ఒక చిన్నపిల్ల తల్లి ఒళ్లోకి దూరింది. నా పక్కనే కూర్చున్న శేషమ్మ గారు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత చెవి దగ్గరికొచ్చి, “పులి బాగుందమ్మా. మన గేదెది ఎప్పుడొస్తది?” అని అడిగారు.

చెవి శబ్దాన్ని దాని మొదలును బట్టి గుర్తుపడుతుందని ఆ పనిలో తెలుసుకున్నాను. కొత్త శబ్దం తయారుచేయాల్సి వచ్చినప్పుడల్లా ముందు మొదలు కోసి వినడం రిటైరయ్యేదాకా నా పద్ధతి. శ్రుతి మార్చడం ఆ తర్వాతి పని.