మా మటన్ దుకాణంలో డాక్టరు సారు

మొన్న ఆదివారం పొద్దున అమీర్‌పేటలో మా మనవడు నడిపే మటన్ దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, పక్క హాస్టల్లో ఉండే డాక్టరు చదువు పిల్ల ఒకతె వచ్చి మేక కాళ్ళు కావాలి, కాల్చొద్దు, తోలు అట్లాగే ఉండాలి అని అడిగింది. పాయాకు కాళ్ళు కాల్చి గీకి ఇవ్వడమే మావాడికి తెలుసు కాబట్టి, ఈ పిల్లకేమైనా పిచ్చా అన్నట్టు నావైపు చూశాడు. కుట్లు నేర్చుకోవడానికి అని వాడికి నేనే చెప్పి ఇప్పించాను. రబ్బరు తోళ్ళు అమ్ముతారు గాని వాటిలో సూది దిగితే చేతికి తెలియదు తాతా, అని చెప్పి ఆ పిల్ల సంతోషంగా పోయింది. నాకు మాత్రం ఆ పూటంతా మనసు బాగాలేదు. ఎందుకో మనవడికి చెబితే అర్థం కాదు, నా ఈడు వాళ్ళకు అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి, మాటలు అటూ ఇటూ పోతే సర్దుకోండి.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. మా దుకాణం ఎదురు సందులో ఒక డాక్టరు సారు అద్దెకుండేవాడు. కోస్తా వైపు మనిషి, కడుపు ఆపరేషన్లలో పెద్ద పేరు, పంజాగుట్టలో ఒక నర్సింగ్ హోములో పని. భార్య బెజవాడలో కాలేజీ పాఠాలు చెబుతూ ఆదివారాలు వచ్చి పోయేది. ఆ నర్సింగ్ హోములో ఆయన ఆపరేషన్ చేసిన మనిషి ఒకడు చనిపోతే వాళ్ళవాళ్ళు వచ్చి అద్దాలు పగలగొట్టారు, పేపరులో పడింది. నాకు చదువు రాదు కాబట్టి చాయ్ దుకాణం అన్న చదివి వినిపించాడు. విచారణ తేలేదాకా సారు కత్తి పట్టకూడదు, రోగులను చూసి మందులు మాత్రం రాసుకోవచ్చు, ఇదీ అందులోని సారం. తప్పు ఆయనదేనా అంటే నాకు తెలియదు. ఒకసారి నేను మొహం మీదే అడిగాను. నాకూ తెలియదయ్యా, రోజూ అదే ఆలోచిస్తున్నాను, అన్నాడు. తప్పు నాది కాదని ఆయన తొందరపడి చెప్పి ఉంటే నాకు ఆయన మీద అంత గౌరవం ఉండేది కాదేమో.

విచారణ వాయిదాల మీద వాయిదాలు పడుతూ పోయింది. ఆ రోజుల్లోనే సారు ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి వచ్చి, బోటీ కావాలి, కానీ పేగు చీల్చకుండా గొట్టంలా అట్లాగే ఇవ్వగలవా అని మెల్లగా అడిగాడు. బోటీ అంటే చీల్చి, వేడినీళ్ళలో కడిగి ఇవ్వడం మా నాయన నాటి నుంచి మా పని. చీల్చనిది అడిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికి తీసుకుపోతే ఇంటి ఓనర్లు పూజలవాళ్ళు, రానివ్వరని నసిగితే, దుకాణం వెనక నల్లా దగ్గర బల్ల చూపించాను. అక్కడ కూర్చుని పేగును అడ్డంగా కోసి, రెండు కొసలు మళ్ళీ కలిపి, కంటికి ఆనని దారంతో కుట్టేవాడు. కుట్టాక ఒక కొస ముడివేసి, రెండో కొసను నల్లాకు తొడిగి నీళ్ళు వదిలేవాడు. పేగు ఉబ్బేది గాని కుట్టు దగ్గర చుక్క కారేది కాదు. కారిన రోజున కోపంతో దాన్ని చెత్తబుట్టలో పారేసి ఇంకొకటి అడిగేవాడు. చెయ్యి వాడకపోతే మరిచిపోతుందయ్యా, అనేవాడు.

మా ఇంటామె అక్కడే గిన్నెలు కడుగుతూ ఇదంతా చూసేది. మనిషి నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు నీళ్ళతో నిగనిగలాడుతున్న పేగును పైకెత్తి చూసి, "కుట్టు మస్తుగుంది సారూ, గని ఇగ దీన్ని కూర వండాల్నా, డిశ్చార్జి చేసి ఇంటికి తోలాల్నా?" అంది. సారు పగలబడి నవ్వాడు. నిషేధం పడ్డాక ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

కొన్నాళ్ళకు పెద్ద పరీక్షల కోచింగుకు అమీర్‌పేటలో దిగిన కుర్ర డాక్టర్లు ఒకరిద్దరు ఆనోటా ఈనోటా విని, ఆదివారం బేరం అయిపోయాక మా బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కోచింగులో పుస్తకం చెబుతారు, చెయ్యి ఎవరు నేర్పుతారు? సారు నేర్పేవాడు. నేర్పేటప్పుడు ఆయన వీపు నిటారయ్యేది, గొంతు మారేది. చాయ్ దుకాణం అన్న మాత్రం వదిలేవాడు కాదు. "ఏం భాయ్, మేకలకు దవాఖాన పెట్టినవా? సచ్చినంక ఆపరేషన్ చేస్తే ఏం ఫాయిదా?" అని రోడ్డు మీది నుంచే అరిచేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

ఆ నవ్వుల మధ్యనే ఒకరోజు మా ఇంటామె బిందె ఎత్తబోయి కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. సారు చేతులు కడుక్కుని వచ్చి, ఆమెను అదే బల్ల మీద పడుకోబెట్టి, కుడివైపు కింద వేళ్ళతో నొక్కి చూశాడు. చూస్తూండగా ఆయన మొహం వాడిపోయింది. పేగులో గడ్డ ఉన్నట్టుంది, పరీక్షలు కావాలి, బహుశా ఆ ముక్క కోసి తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాల్సి వస్తుంది, అని చెప్పాడు. పరీక్షల్లోనూ అదే తేలింది. పెద్ద హాస్పిటల్లో తనకు తెలిసిన ఇంకొక సర్జన్ పేరు చెప్పి, వెంటనే వెళ్ళమన్నాడు.

ఆమె వెళ్ళనంది. కొసలు కలిపి కుట్టే పనే కదా, రోజూ నా కళ్ళముందు ఈయన చేసేది అదే కదా, చుక్క కారని ఆ కుట్టు వదిలి మొహం తెలియని వాడి చేతిలో కడుపు ఎందుకు పెట్టాలి, ఇదీ ఆమె లెక్క. మాంసం పని చేసేవాళ్ళం, మాకు చెయ్యి మీద నమ్మకం కుదిరితే కాగితాల మీద కుదరదు. నేను తిట్టాను, కోడలు ఏడ్చింది, చివరికి సారు చేతులు జోడించాడు. "నాకోసం ఆగకండమ్మా, నా చేతులకు తాళం వేశారు" అన్నాడు. "ఏసినోళ్ళే తీస్తరు సారూ, ఫికర్ చేయకు, జర ఆగుత" అంది. విచారణ వచ్చే నెల అన్నారు, మళ్ళీ వచ్చే నెల అన్నారు. ఆమె ఒళ్ళు తగ్గుతూ వచ్చింది, చీర కుచ్చిళ్ళు పెరుగుతూ వచ్చాయి.

ఆ సమయంలోనే ఆఫ్రికాలో మలావీ అనే దేశం నుంచి సారుకు పిలుపు వచ్చింది. అక్కడ డాక్టర్లు తక్కువ, కడుపు కోసి చేసే పని పిల్లలకు నేర్పే వాళ్ళు ఇంకా తక్కువ. ఈయన తన మీద ఉన్న కేసు సంగతి దాచకుండా చెబితే, కొన్నాళ్ళు మా పెద్ద డాక్టరు మీ పక్కన నిలబడి పని చూస్తాడు, నచ్చితే మీకు వదిలేస్తాం అన్నారట. అంత పేరున్న మనిషి, చిన్నపిల్లాడిలా ఇంకొకరి ముందు పరీక్షకు నిలబడడానికి ఒప్పుకున్నాడు.

చెప్పి పోదామని వచ్చిన రోజు ఆయన బల్ల దగ్గరికి పోలేదు. నేరుగా మా ఇంటామె మంచం దగ్గర నిలబడి, "నేను వెళ్ళిపోతున్నానమ్మా. ఇంక మీరు ఆగడానికి ఇక్కడ ఎవరూ లేరు. రేపే వెళ్ళి చేయించుకోండి" అన్నాడు. ఆమె "ఆడ సుత మేకలుంటయా సారూ?" అంది. ఉంటాయమ్మా, అని ఆయన తల తిప్పుకున్నాడు. ఆమె ఆశ తెంపడానికే ఆయన దేశం వదిలాడని కొన్నాళ్ళు నేను అనుకున్నాను. అది నా గొప్ప కోసం అనుకున్న మాట. ఆయనకు పని కావాలి, పని ఉన్న చోటికి పోయాడు. పోకపోతే ఆ బల్ల దగ్గరే ఎండిపోయేవాడు.

ఆయన పోయిన వారంలోనే ఆమెను పెద్ద హాస్పిటల్లో చేర్చాం. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు, దేనికి వేస్తున్నానో నాకు తెలియలేదు. తర్వాత నేను పలక పట్టింది ఆ సిగ్గుతోనే. లోపలికి తీసుకుపోయిన కాసేపటికే బయటికి తెచ్చారు. ముసుగు వేసుకున్న ఒక డాక్టరు వచ్చి, గడ్డ పాకిపోయింది, కోసి చూసి మూసేశాం అన్నాడు. చెడ్డవాడేం కాదు, నిదానంగానే చెప్పాడు. ముసుగు తీస్తే గుర్తుపట్టలేను. వానలు మొదలయ్యే ముందే ఆమె పోయింది.

కొన్నాళ్ళకు దుకాణానికి ఫోను వచ్చింది. సారు గొంతు. నేను మాట్లాడేలోపే గబగబా చెప్పుకుపోయాడు. అక్కడివాళ్ళు ఆపరేషన్ల పని పూర్తిగా ఆయనకే వదిలేశారట, మొదటిసారి సొంతంగా ఒక ఆడమనిషికి పేగు గడ్డ తీసి కుట్టాడట, చుట్టూ పిల్లలు నిలబడి చూశారట, ఆమె తన కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయిందట. అంత సంతోషం ఆ గొంతులో నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత, అమ్మ ఎట్లా ఉన్నారయ్యా, అని అడిగాడు. పోయింది సారూ, అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. లైను అట్లాగే ఉండి, ఉండి, తెగిపోయింది. తర్వాత అప్పుడప్పుడూ చేసేవాడు, ఆమె మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఇక్కడ విచారణ ఎప్పుడు మూతబడిందో, ఏమని తేలిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కొన్నేళ్ళుగా ఫోను లేదు.

ఇప్పుడు పంజాగుట్ట నుంచి బంజారా హిల్స్ దాకా అడుగడుగునా హాస్పిటలే. ఎవరైనా ఆపరేషన్ చేయించుకుంటే ఏ హాస్పిటల్ అని అడుగుతున్నాం గాని, ఏ డాక్టరు అని అడగడం మానేశాం. అదే మంచిదేమో. మా ఇంటామె కూడా అట్లాగే ఎవరి చెయ్యి అని చూడకుండా ముందే హాస్పిటల్‌కు పోయి ఉంటే, ఈపాటికి మనవడి పక్కన నిలబడి గిరాకీలతో పరాచికాలాడుతూ ఉండేదేమో. సారుకు తన పని తనకు దొరికింది, ఆయన నేర్పిన పిల్లలు ఇంకొకరికి నేర్పుతుంటారు, దానికి నాకు సంతోషమే, అబద్ధం చెప్పను. కానీ ఆ దేశంలో, నడిచి ఇంటికి పోయిన ఆ ఆడమనిషి పొయ్యి ముట్టించి పిలిస్తే అన్నానికి కూర్చునే మొగుడు ఒకడు ఉంటాడు కదా, వాణ్ణి తలుచుకుంటే మాత్రం ఈ వయసులో కూడా నాకు అసూయ పుడుతుంది.