తుప్పనుకున్న నంబరు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, తిరుమలగిరిలోని మా షెడ్డుకు ఒక పాత కారు వచ్చింది. పాత బండ్ల అడుగున తుప్పు గీకి రంగు వేయడం నా పని. మా అన్న దగ్గర నేర్చుకున్నాను.

కారు మారేడ్‌పల్లి రజియా టీచరమ్మది. వాళ్ల నాన్న కొన్నది. బాడీ పైకెత్తి, కింది ఇనుప చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను, విడిగా పెట్టాం.

"పౌడర్ కోటింగ్ చెయ్ యాదమ్మా, చమక్ చమక్ ఉంటదంట," అంది టీచరమ్మ. రంగు పొడి చల్లి భట్టీలో కాల్చే పూత అది.

"చమక్ ఎవరికి జూపిస్తరు టీచరమ్మా, రోడ్డుకా? రాయి తగిలి పెచ్చు లేస్తే నీళ్లు లోపలికి పోతయ్. పైకి మంచిగనే కనబడ్తది, కింద తుప్పు తింటది. ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, మీద నల్లరంగు వేస్త. పెచ్చు లేస్తే అంత మటుకే గీకి మళ్ల వేసుకోవచ్చు."

ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాల మందు కలిపి వేసే పూత. ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. టీచరమ్మ ఒప్పుకుంది. తుప్పు గీకి, గుంటలకు పుట్టీ నింపి, ప్రైమర్ కొట్టాను.

మర్నాడు ఆమె పల్చటి కాగితం, పెన్సిల్ పట్టుకుని వచ్చింది. రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం సోమవారం ఆర్టీవో ఆఫీసులో బండి చూపించాలి. ఛాసిస్ మీద చెక్కిన నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ అచ్చు ఇవ్వాలి.

"నంబర్ ఏది యాదమ్మా?"

"ఏం నంబర్?"

ఆమె ముందువైపు కమ్మీ తడిమింది. నున్నగా ఉంది. అక్కడ వరసగా ఉన్న గుంటలు గుర్తొచ్చాయి. తుప్పు తిన్నదనుకుని నేనే పూడ్చాను. అప్పటికి నాకు చదువు రాదు.

"నంబర్ లేకుంటే దొంగ బండంటరు. మా అబ్బాజాన్ బండి తుక్కుకే పోతది," అంది.

గ్రైండర్ పెడితే నంబరే అరిగిపోతుంది. రంగు తీసే మందు రాసి, వెదురు పుల్లతో గీకడం మొదలుపెట్టాను. టీచరమ్మ కొంగు దోపుకుని పక్కన చతికిలబడింది.

"గది ఏడు. తోక ఇరగ్గొట్టకు."

"గీ నిచ్చెన లెక్కున్నదేంది?"

"ఇంగ్లీషు హెచ్. జెర మెల్లగ! ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన, గిట్ల తవ్వుకుంట నేర్సుకున్నోళ్లను సూడలే."

"మీరు నవ్వకుండ్రి, చెయ్యి వణుకుతది."

సాయంత్రానికి చివరి అంకె మిగిలింది. మూడో ఎనిమిదో తెలియలేదు. ఆర్‌సీలో ఎనిమిది. ఆమె పెన్సిల్ రుద్దింది. ఎడమవైపు సన్నటి వంపులు రెండూ తేలాయి. ఎనిమిదే. మందు, మసి అంటిన నా చేతిని టీచరమ్మ అలాగే పట్టుకుని కూర్చుంది.

బాడీ మళ్లీ ఎక్కించి బిగించాం. సోమవారం బండి పాసైంది. మంగళవారం ఆమె పలక తెచ్చి నా ముందు పెట్టింది. "హెచ్ వచ్చింది కద, ఇగ అ ఆలు షురూ చేద్దాం."

మొన్న వానలు తగ్గాక ఆ కారును ఎత్తి చూశాను. ఒక్కచోట రాయి తగిలి పెచ్చు లేచింది. అంత మటుకే గీకి మళ్లీ వేశాను. ఎంత మన్నే పూతైనా, కింద ఏముందో చదివాకే వేయాలని ఆ బండి నేర్పింది. చదవడం మాత్రం టీచరమ్మ నేర్పింది.