ఎవరి ఎడమ?

మొన్న మా ఎదురింటివాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్తే, వీడియోలు తీసేవాడు పందిరి మీదికి ఒక డ్రోన్ లేపేడు. లేపి, దాని రిమోట్టుని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో పడేసి, ఒక చేత్తో ప్లేటూ ఒక చేత్తో చెంచా పట్టుకుని గులాబ్ జామూన్ తినడం మొదలెట్టేడు. అది మాత్రం గాల్లో అక్కడే ఉంది, మేకుకి తగిలించిన కేలండర్‌లాగ. నేను ఊరుకోలేకపోయాను. ఊరుకోవడం నాకు పుట్టుకతో రాలేదని మా అక్క అంటుంది. "చెయ్యి వదిలేసేవేంటి భయ్యా, పడిపోదూ?" అన్నాను హిందీలో. "ఆటోమేటిక్ ఆంటీజీ, దానంతటదే నిలబడుతుంది," అన్నాడు నోటినిండా జామూన్‌తో. "మరి ముక్కు మనవైపు తిప్పితే ఎడమా కుడీ తారుమారవవా?" అనడిగాను. వాడు నన్ను జాలిగా చూసి, "అవన్నీ ఇప్పుడెవరు పట్టించుకుంటారు ఆంటీజీ," అన్నాడు. మామూలుగా అయితే అలాంటి జవాబు చెప్పినవాణ్ణి జామూన్ చల్లారేదాకా వదిలిపెట్టను. ఆరోజు మాత్రం ఐస్‌క్రీం వంక పెట్టి లేచిపోయాను. పట్టించుకున్న మనిషి ఒకడుండేవాడు. మా బావ.

బావంటే మా అక్క మొగుడు. మా ఊరి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. రోడ్డు మీద కనిపించే క్రేన్ కాదు, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచేది. కరిగిన ఉక్కు గిన్నెని ఎత్తి, ఒలక్కుండా మోసుకెళ్ళి, పొయ్యాల్సిన చోటికి చేర్చడం తన పని. ఉద్యోగమంతా అంత ఎత్తున అద్దాల కేబిన్‌లో కూర్చుని కింద మనుషుల్ని చూస్తూ గడిపేడు. మనుషుల్ని అన్నానా? కాదు, హెల్మెట్లని. "మొకాలు నాకేటి తెలుసే! నడినెత్తులు చూసి గుర్తుపట్టీవోణ్ణి," అనేవాడు. రిటైరయ్యాక తోటివాళ్ళంతా మోకాళ్ళ నూనే, పొద్దున్నే టీవీలో యోగా పట్టుకుంటే, బావ రిమోట్ హెలికాప్టర్ పట్టుకున్నాడు. అది ఒక్కసారి కొనుక్కొచ్చే బొమ్మ కాదు. ముక్కలు ముక్కలుగా పోస్టులో వచ్చేది. బావ భోజనాల బల్ల మీద పాత చీర పరిచి, మరమరాలంత మరలు ఒక్కొక్కటీ బిగించేవాడు. పూర్తయ్యేసరికి కోడిపుంజంత అయింది. దానికి మా అక్క పెట్టిన పేరు ఈగ. "బల్ల మీద ఆ ఈగ కూకుంటే నేను పప్పుగిన్నె ఎక్కడ పెట్టాలి, దాని రెక్క మీదా?" అని రోజూ అడిగేది. రోజూ బావ కంచాలు తీసి కింద పెట్టేవాడు. ఇద్దరూ కింద కూర్చుని తినేవారు.

మా ఊళ్ళో విశ్వకర్మ పూజంటే తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆరోజు ప్లాంటులో ప్రతి యంత్రానికీ బొట్టు పడుతుంది, క్రేనుకీ లారీకీ లేత్ మిషనుకీ, ఆఖరికి గేటు కాపలావాడి సైకిలుకీ. ఆ అలవాటుతోనే మా అక్క, ఈగా ఈగా అని తిట్టిన నోటితోనే, హెలికాప్టర్ ముక్కుకి పసుపు రాసి, రూపాయి బిళ్ళంత కుంకం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నీళ్ళు మోటార్లోకి పోతాయని బావ గోల. పోతే పోనీ, దేవుడి నీళ్ళే కదా అని అక్క. తీరా బొట్టు చూసుకుని బావ ఎంత మురిసిపోయాడంటే, చెరిగిపోకుండా దానిమీద వార్నిష్ పూసేసేడు. అప్పుడే ఒక మాటన్నాడు. "నా క్రేనుకీ ఏటేటా బొట్టెట్టీవోరు. ఆగున్నప్పుడు చూసేను. అది బొట్టెట్టుకుని ఎదురుగా నడిచొస్తంటే ఎలగుంటాదో ఒక్కసారీ చూళ్ళేదే. ఎలగ చూస్తాను, నేను లోపలున్నాను గదా!" కింద నిలబడి తలెత్తిన ప్రతివాడికీ దొరికిన దర్శనం నడిపినవాడికే దొరకలేదు. ఈ హెలికాప్టరైనా బొట్టుతో గాల్లో నిలబడి తనవైపు చూడాలి. బావ కోరిక అదీ.

చిన్న కోరికే అనుకుంటాం. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి హెలికాప్టర్ ఎప్పుడూ తోకే చూపిస్తుంది. తోక మనవైపున్నంతసేపూ దాని ఎడమే మన ఎడమ, దాని కుడే మన కుడి. ముక్కు ఇటు తిరిగిందంటే అంతా తలకిందులు, అద్దంలో చూస్తూ పాపిడి తీసుకున్నట్టు. బావ తోకవైపు నుంచి బాగా నిలబెట్టగలిగేవాడు. ఇక ముక్కు తిప్పడం మొదలెడదాం అనుకునే వేళకి చేతికి వణుకొచ్చింది. చేతి వణుకు రిమోట్టు పుల్లలోకి, పుల్లలోంచి గాల్లోకి పాకి, హెలికాప్టర్ చలిజ్వరం వచ్చినదానిలా వణికేది. డాక్టరు మాత్రలిచ్చేడు, వణుకు తగ్గలేదు. ఒకరోజు మా ఇంటికొచ్చి, టీ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకుని, "నీ చేతులు అరువియ్యవా మరదలా?" అన్నాడు. అప్పటికి నేను లెక్కలు చెప్పే స్కూల్లో ఒక ప్రశ్నాపత్రం మీద గొడవపడి ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. అంటే మా ఆయనతో వాదించడానికి రోజంతా ఉందన్నమాట. బావని మా ఇంటికి తోలింది ఆయనేనని నాకిప్పటికీ అనుమానం.

దసరాకి రావణుణ్ణి కాల్చే మైదానంలో మా పాఠాలు. కాల్చిన చోట నేల ఇంకా నల్లగానే ఉండేది. హెలికాప్టర్ కాళ్ళకి అడ్డంగా రెండు సన్నటి కర్రలు కట్టి, వాటి కొసలకి నాలుగు ప్లాస్టిక్ బంతులు గుచ్చేడు బావ, ఒరిగినా బోర్లా పడకుండా. మెడలో పట్టీతో వేలాడే ట్రాన్స్‌మిటర్ పెట్టె మీద రెండు పుల్లలుంటాయి. ఎడమచేతి పుల్ల పైకి తోస్తే లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది, పక్కకి తోస్తే తోక తిరుగుతుంది. కుడిచేతి పుల్ల ఎటు వంచితే అటు ఒరిగి అటు పోతుంది. ఇంతేనా, డిగ్రీ చదివినదాన్ని, అనుకున్నాను. లేపేక తెలిసింది. ఎత్తు సరిచేస్తే తోక తిరుగుతుంది, తోక సరిచేస్తే పక్కకి జారుతుంది, జారుడు ఆపితే దిగిపోతుంది. పళ్ళెంలో గోలీ వేసుకుని, అది దొర్లకుండా మెట్లెక్కుతున్నట్టుంటుంది. బావ నా వెనకాల నిలబడి, లేపమనడానికి "హబీస్" అనీ, దించమనడానికి "ఆరియా" అనీ అరిచేవాడు. క్రేను కింద ఖలాసీలు అరిచే మాటలవి. "ఏ భాష బావా ఇది?" అంటే, "ఇనప భాషే," అన్నాడు. నాకు ఆరియా మాత్రం త్వరగా వచ్చింది. ఎక్కడ ఆపాలో రాలేదు.

మొదటిరోజే బావ పెట్టిన నిబంధన, మైదానంలో ఎడమా కుడీ అన్న మాటలు వినపడకూడదు. "క్రేను కింద సైగ చేసీవోడు నాకెదురుగా ఉంటాడు. ఆడి ఎడమ నా కుడి. 'ఎడమ' అని అరిస్తే, 'ఎవరి ఎడమ?' అని నేనడిగీలోగ గిన్నె ఒలికిపోద్ది. అందికే మేం ఊర్ల పేర్లు చెప్పుకునీవోళ్ళం. ఊరు ఎవరికైనా ఒకటే గదా!" అన్నాడు. కాబట్టి నాకెదురుగా జాముల్, వెనకాల ఉతై, ఓ పక్క చరోదా, ఇంకో పక్క దుర్గ్. "చరోదాకి ఒరుగుతంది, దుర్గ్ వైపు లాగు! ధీరే, ధీరే, మెల్లగా!" అనేవాడు. చక్కటి పద్ధతి. ఒప్పుకోవచ్చు కదా? జాముల్ సరిగ్గా ఎదురుగా లేదు, కొంచెం వారగా ఉందని ఫోన్లో మ్యాపు తీసి నిరూపించేదాకా నాకు నిద్రపట్టలేదు. హెలికాప్టర్ బ్యాటరీ ఒక్క టీ తాగేంతసేపే వస్తుంది. ఆ సేపంతా బావకి నేను ఈశాన్యం గురించి చెప్పేను. "నువ్వు చెప్పిందే రైటు. కానీ బ్యాటరీ అయిపోనాది, పద," అన్నాడు. ఆ చలికాలమంతా అలా ఎన్ని బ్యాటరీలు నా నోటికి బలయ్యాయో.

ముక్కు ఇటు తిప్పినప్పుడు ఏం చెయ్యాలో కూడా బావే చెప్పేడు. "అప్పుడు ఎటు పడిపోతంటే అటే పుల్ల పెట్టు." నాకిది మింగుడు పడలేదు. పడిపోయే దాన్ని అటువైపే తొయ్యడమేమిటి, తర్కం లేదూ? "తొయ్యడం కాదే, ఊతం. మునగచెట్టు చరోదా వైపు వాలిపోతంటే కర్ర ఎటు నుంచి పెడతావు? చరోదా వైపు నుంచే గదా?" చెట్టు వేరు, హెలికాప్టర్ వేరు అన్నాను. కాగితం మీద బాణాలు గీసేను. బాణాలు గీసేక బావ చెప్పిందే నిజమని తేలింది, అయినా ఇంకో పద్ధతిలో గీసి చూద్దామన్నాను. నా తత్వమే అంత, మనిషి ఎటు వాలితే దానికి అవతలి వైపు నుంచి ఓ తోపు తోస్తాను. ఊతం అన్న మాట అర్థమవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈలోగా హోళీ వచ్చింది. బావావాళ్ళు కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన గడువూ వచ్చింది. బావా అక్కా బొబ్బిలి వైపు వెళ్ళిపోతున్నారు. రైలెక్కేరోజు పొద్దున్న బావ ఇంటికొచ్చి, "ఈరోజు తిప్పేద్దుమా?" అన్నాడు, పెళ్ళిచూపులకి అడిగినట్టు. ఆరోజు మా అక్క కూడా మైదానానికొచ్చింది, ఫ్లాస్కులో టీ పోసుకుని, స్టూలు పట్టుకుని. ప్లాంటు గొట్టం పొగ నిటారుగా లేస్తోంది, గాలన్నది లేదు. లేపేను. నిలబెట్టేను. బావ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ వెనకాలుండేవాడు, ఆరోజు మాత్రం ఎదురుగా చూడాలని. తోక మెల్లగా తిప్పేను. పక్క కనిపించింది. ఇంకొంచెం తిప్పేను. పసుపు రంగు ముక్కు అంచు కనిపించింది. అక్క "ఒలమ్మో, ఈగ తిరిగిందే!" అంటోంది. అప్పుడు కొంచెం ఒరిగింది. అంతే, బావ తన నిబంధన తనే మర్చిపోయి, "ఎడమ! ఎడమ!" అని అరిచేడు.

నా నోరు నా వేలికంటే ముందు కదిలింది. "ఎవరి ఎడమ?" అన్నాను.

గిన్నె ఒలికిపోయింది. రెక్కలు రావణుడి మచ్చ మీద విరిగి పడ్డాయి. ఒక బంతి దొర్లుకుంటూ వెళ్ళి అక్క స్టూలు దగ్గర ఆగింది. నేనే అడిగాను, "బొట్టు కనపడిందా బావా?" అని. "కనపడ్డాదమ్మా," అన్నాడు. కనపడి ఉండదు. పక్కనున్న నాకే కనపడలేదు. అయినా నేను వాదించలేదు. బావ మాటకి నేను ఎదురు చెప్పని రోజు అదొక్కటే. ముక్కలన్నీ పాత చీరలో మూటగట్టి, ట్రాన్స్‌మిటర్‌తో సహా నా చేతిలో పెట్టి రైలెక్కేసేడు.

రెక్కలు తెప్పించి బిగించేను. ఎండాకాలమంతా పొద్దున్నే మైదానానికెళ్ళి, జాముల్ ఎటుందో ఎవరితోనూ వాదించకుండా, ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఎటు పడబోతే అటే ఊతం పెట్టేను. ఒకరోజు ముక్కు పూర్తిగా నావైపు తిరిగి, బొట్టు నా కళ్ళకెదురుగా నిలబడింది. ఇంటికి పరిగెత్తుకొచ్చి ఫోన్ చేసేను. "నిలబడ్డాదా! వీడియో తియ్యించి పంపవే," అన్నాడు బావ. "వీడియోలో ఏం కనిపిస్తుంది బావా, నిజంగా ఈగలాగ! ఇన్నాళ్ళాగి ఫోన్లో చూస్తావా? విశ్వకర్మ పూజకి వచ్చేయ్, మళ్ళీ బొట్టు పెట్టించి ఎదురుగా చూపిస్తాను," అన్నాను. "ముందు ఇది పంపు, తరవాత వస్తాను," అన్నాడు. "ముందు చూసేస్తే ఇంకెందుకొస్తావు?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ప్రతిదానికీ నా దగ్గరొక కారణముంది. ఆఖరికి బావ నవ్వి, "నీతో ఎవుడు గెలుస్తాడే. సరే, వస్తాన్లే," అన్నాడు. ఫోన్ పెట్టేముందు అడిగాను, "ఆరోజు ఎవరి ఎడమ బావా?" అని. "ముక్కు తిరుగుతంటే నాకేటి తెలుసే, ఏ ఎడమో!" అన్నాడు.

ఆ వాదనలో నేనే గెలిచాను. శ్రావణంలో ఒక మధ్యాహ్నం బావ భోజనం చేసి పడుకుని మరి లేవలేదు. పూజకి ఇంకా కొన్ని వారాలుంది.

పూజరోజు అక్క ఫోన్ చేసింది. ఏడ్చే గొంతుతో కాదు, మామూలు గొంతుతోనే, "ఈగకి బొట్టెట్టేవా?" అనడిగింది. వార్నిష్ కింద పాతది ఇంకా ఎర్రగానే ఉంది, అయినా దాని మీదే ఇంకోటి పెట్టేను. మైదానానికెళ్ళి లేపి, తోక తిప్పేను. అది కొంచెం చరోదా వైపు వాలింది. నా వేలు నన్నడక్కుండానే అటే ఊతం పెట్టింది. బొట్టు పెట్టుకుని, ఎదురుగా నిలబడి, నన్నే చూసింది. చాలా అందంగా ఉంది. ఆ అందం చూడాల్సింది నేను కాదు.

దింపమని నా వెనకాల ఉతై వైపు నుంచి ఎవరూ అరవలేదు. నాకు నేనే ఆరియా చెప్పుకుని దింపేను. కాలం మనకెప్పుడూ తోకే చూపిస్తూ పోతుంది. ఎప్పుడో ఒక్కసారి ముక్కు ఇటు తిప్పితే, నాలాంటివాళ్ళు ఆ కాస్తసేపునీ ఎడమ ఎవరిదో తేల్చుకోవడానికే ఖర్చుపెట్టేస్తారు.