వేమూరులో ఆగని విమానం

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరు బయల్దేరేలోపు, తోచక ఫోన్లో ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం చూశాను. విమానంలో అయితే నాలుగు నిమిషాలని వచ్చింది. రెండుచోట్లా విమానాశ్రయమే లేదు. నవ్వొచ్చి పైకే చదివాను. ఎక్కడో ఆదోని నుంచి వచ్చినవాణ్ణి, నోరు మూసుకోవాల్సింది.

ఎదురుగా కూర్చుని, రైలెక్కగానే పరిచయమైన పరుపులు కుట్టే మస్తాన్ గారు నవ్వలేదు. "మధ్యలో ఎక్కడా ఆగదాండి?"

"నాలుగు నిమిషాలే కదా బాబాయ్, ఆగదు."

"అంటే వేమూరులో దిగేవాళ్ళం రేపల్లె దాకా పోయి వెనక్కి రావాలా?"

పక్కన పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ అందుకుంది. "మా జంపనిలోనూ ఆపాలి. మా ఊరెప్పుడూ కనపడదు వీళ్ళకి!"

ఆ విమానం నేనే నడుపుతున్నట్టు పెట్టెలో అందరూ నా వైపు చూశారు. అన్నిచోట్లా ఆపితే రైలుకన్నా ఆలస్యమవుతుందన్నాను. ఆలస్యమైనా ఫర్లేదట, ఆగితే చాలట.

వేమూరులో దిగిన మస్తాన్ గారు కిటికీ దగ్గరికొచ్చారు. "రైలైతే పట్టాల మీద కూర్చుని ఆపిస్తాం బాబూ."

"విమానానికి పట్టాలుండవు బాబాయ్."

ఆయన కాసేపు ఆకాశంకేసి చూశారు.

"మరి ఎక్కడ కూర్చోవాలో ఆ ఫోన్లోనే చూసి చెప్పండి."